ముప్పై రెండు దారాల మిషను

కొండ మీది క్యాంపులో ఉన్న మీకు,
ఇంటి దగ్గర నుంచి నేను రాస్తున్నాను.

ముందుగా నా దస్తూరీకి, తప్పులకు క్షమించండి. నేను చదివింది ఐదో తరగతి. అందులోనూ జ్వరాలకు మానేసిన రోజులు తీసేస్తే నాలుగున్నరే. ఒత్తులు కొన్ని ఎక్కువ పెట్టి ఉంటాను, కొన్ని మరిచిపోయి ఉంటాను. ఎక్కువైనవి తీసి తక్కువైన చోట మీరే సర్దుకోండి. అక్షరాలు కుడివైపుకి జారిపోతున్నాయంటే మాత్రం తప్పు నాది కాదు. బల్లకి ఒక కాలు పొట్టి.

మీ ఉత్తరం శనివారం అందింది. అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టేలోపే అయిపోయింది. "అదేమిటే, వెనకవైపు చూడు" అన్నారు. వెనక ఏమీ లేదు. రెండో కాగితం మీద జాబితా ఉంది.

మీరు రాసింది ఇంతే: "క్షేమం. ఇకపై ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసువాళ్ళు అంటున్నారు. దానికి ఇంట్లో మంచి కంప్యూటర్ మిషను ఉండాలి. జాబితా ప్రకారం చేయించు. డబ్బు ఆఫీసుది, దేనికీ వెనుకాడవద్దు."

ఇంటి నుంచే అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అత్తయ్యగారే వచ్చి గిన్నె దించారు.

కానీ ఒక సందేహం. కొండలు కొలిచి మ్యాపులు గీసే మీకు కంప్యూటర్ మిషను ఎందుకు? మన వీధి చివర టైలరమ్మ దగ్గర ఒకటి ఉంది. బడిపిల్లల చొక్కా జేబుల మీద బ్యాడ్జీలు కుడుతుంది. మీట నొక్కితే దానంతటదే పువ్వులు, అక్షరాలు కుట్టేస్తుంది. మీరు ఉత్త కంప్యూటరు అని రాసి ఉంటే వేరే సంగతి. కంప్యూటర్ మిషను అన్నారు కాబట్టి అదే అయి ఉంటుంది. మ్యాపులు ఇకనుంచి గుడ్డ మీద కుట్టమంటున్నారు కాబోలు. వానకి చిరగదు, మంచి ఆలోచనే. మీకు కుట్టు వచ్చని మాత్రం పెళ్ళయిన ఈ ఏడాదిన్నరలో ఎప్పుడూ చెప్పలేదు.

జాబితాలో ముప్పై రెండు థ్రెడ్లు అని ఉంది. ఏయే రంగులో రాయలేదు. కొండలకు ఆకుపచ్చ, ఏళ్ళకు నీలం అనుకున్నాను. మిగతా ముప్పై మీరే చెప్పాలి. ఆరు ఫ్యాన్లు కూడా ఉన్నాయి. ఆ గదిలో ఒక్క ఫ్యాను వేస్తేనే గుడ్డలు ఎగిరి గోడకు అంటుకుంటాయి. ఆరు వేస్తే గుడ్డలతోపాటు మీరూ ఎగురుతారు.

రేపు టైలరమ్మకు జాబితా చూపిస్తాను. ఆవిడ ఆడమనిషే కాబట్టి మాట్లాడగలను.

ఇట్లు,
మీ భార్య

తా.క. మీరు భోజనానికి లేచినప్పుడు మిషను ఖాళీగానే ఉంటుంది కదా. అప్పుడు కాసేపు నేను కుట్టుకోవచ్చా?

*

ఇంటావిడకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి క్యాంపు వంటమనిషికి చదివి వినిపించాను. ఆయన గరిటె పట్టుకునే నేల మీద కూలబడ్డాడు. ఆ రోజు కూర మాడింది.

నేను కుట్టను. ఆఫీసువాళ్ళు నన్ను కుట్టమనలేదు. అది కుట్టు మిషను కాదు, బల్ల మీద పెట్టుకునే కంప్యూటరు. మామూలుది కాదు కనుక విడిభాగాలు ఒక్కొక్కటి ఎంచి ప్రత్యేకంగా చేయించాలి. ఇక్కడ మేము కొండ మీద ఎగరేసే యంత్రం రోజుకు నాలుగైదు వేల ఫోటోలు తీస్తుంది. వాటిని కలిపి కొండను కొండలా నిలబెట్టాలి. ఆఫీసులో ఉన్న పాత కంప్యూటరు ఒక కొండను నిలబెట్టడానికి రెండు రోజులు తీసుకుని, మూడో రోజు ఆగిపోతుంది.

సంగతి చాలా ముఖ్యం, జాగ్రత్తగా విను. నెలాఖరు సోమవారం మా ఆఫీసరు మన ఇంటికి వచ్చి ఆ మిషను చూస్తారు. జాబితాలో ఉన్నట్టు ఉంటే నేను ఇంటికి వచ్చేస్తాను. లేకపోతే ఇంకో రెండేళ్ళు ఈ కొండే. ఇక్కడ ఫోను పలకదు. వారానికొకసారి గురువారం సరుకుల జీపు వస్తుంది, అదే ఉత్తరాలు తెస్తుంది, తీసుకెళ్తుంది. నేను చేయగలిగిందేమీ లేదు, అంతా నీ చేతిలో ఉంది.

నీకు తెలిసేలా చెబుతాను. ప్రాసెసరు అంటే పొయ్యి. పదహారు కోర్లు అంటే పదహారు పొయ్యిలు. ఒక్కో పొయ్యి మీద రెండేసి గిన్నెలు ఎక్కించవచ్చు, అవే ముప్పై రెండు థ్రెడ్లు. రంగులు ఉండవు. ర్యాము అంటే వంటగట్టు. నువ్వు కూరలు తరుగుతూ చోటు చాలక ఉప్పుడబ్బాను మోచేత్తో పక్కకు నెడతావు చూడు, గట్టు పెద్దదైతే ఆ అవస్థ ఉండదు. అందుకే నూట ఇరవై ఎనిమిది రాశాను. డిస్కులు అంటే సామాన్ల గది.

ఇక మదర్ బోర్డు. ముందు ఎంచుకోవలసింది అదే. అన్నీ మదర్ మీదే ఆధారపడతాయి. అది సరిగ్గా లేకపోతే మిగతావి ఎంత ఖరీదైనా దండగ. కేసు పెద్దది చూడు, ఇరుగ్గా ఉంటే లోపలివాటికి ఊపిరాడదు. అన్నీ అయ్యాక చివర విండోస్ వేయించు.

నీ
భర్త

తా.క. ముప్పై రెండు రంగుల దారం కొనేసి ఉంటే తిరిగిచ్చెయ్యి. పుచ్చుకోకపోతే అమ్మకు ఇవ్వు, కోపం వచ్చినప్పుడు చిక్కులు తీసుకుంటుంది.

*

నాలుగు పేజీలు రాసిన మీకు,
నమస్కారం చేసి రాస్తున్నాను.

దారాలు కొనలేదు, కంగారు పడకండి. పొయ్యి, గట్టు బాగా అర్థమయ్యాయి. మిగతావి కూడా మీరు చెప్పినట్టే మొదలుపెట్టాను.

మొదటిది మదర్. ఆ ముక్క అత్తయ్యగారికి చదివాను. "అన్నీ మదర్ మీదే ఆధారపడతాయి" అన్నచోట ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళకు వాడి నోట ఈ మాట వచ్చింది, మళ్ళీ చదువు" అన్నారు. ఐదుసార్లు చదివాను. ఇప్పుడు మీ గదిలో మంచి కుర్చీలో కూర్చుని, ఏం కొనాలన్నా ముందు తనకు చూపించాలంటున్నారు. బోర్డులో ఉన్నది తనొక్కరేనట. నిన్న చీపురు కొంటే కూడా తిప్పి తిప్పి చూసి "ఇది దండగ" అన్నారు.

రెండోది కేసు. ఇది కష్టమైంది. పెద్దవీధిలో ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో అరగంట నిలబడ్డాక ఆయనే "ఏమ్మా, ఏం కావాలి?" అన్నారు. "కేసు కావాలండీ, పెద్దది" అన్నాను. "ఎవరి మీద?" అన్నారు. ఆ సంగతి మీరు రాయలేదు. "లోపల ఉన్నవాళ్ళకు ఊపిరాడేలా ఉండాలటండీ" అన్నాను. ఆయన కలం మూత పెట్టి, "లోపల ఎవరున్నారమ్మా?" అని చాలా మెల్లగా అడిగారు. నాకు భయమేసి వచ్చేశాను. ఎవరి మీద కేసు వేయాలో దయచేసి వెంటనే రాయండి. మన ఇంటి యజమాని మీదైతే వద్దు, పోయిన నెలే గోడకు సున్నం వేయించాడు.

మూడోది విండోస్. వడ్రంగిని పిలిచాను. ఉన్న రెండు కిటికీలు చాలవా అన్నాడు. చాలవు, ఆఫీసు డబ్బు అన్నాను. వెంటనే గోడ కొలిచాడు.

ఇట్లు,
మీ మాట ప్రకారమే నడుచుకునే
భార్య

తా.క. ఉప్పుడబ్బా ఇప్పుడు రెండో అరలో పెట్టాను. అది నా మోచేతికి అందడం లేదు. ఏం తోచడం లేదు.

*

ఆవిడకు,

వడ్రంగిని ఆపు. ముందు ఆ పని చేసి, తర్వాత మిగతా ఉత్తరం చదువు.

ఆపావా? మంచిది.

ప్లీడరు గడప మళ్ళీ తొక్కవద్దు. ఎవరి మీదా కేసు లేదు. కేసు అంటే పెట్టె. బీరువా లాంటిది. భాగాలన్నీ అందులో బిగిస్తారు. ఒక పక్క గాజు తలుపు ఉంటుంది, అందులోంచి లోపలివి కనిపిస్తాయి. విండోస్ అంటే కిటికీలు కావు. అదొక, ఎలా చెప్పను, మిషనుకు నేర్పే మాటలు. నువ్వు మన ఇంటికి వచ్చిన కొత్తలో ఏ డబ్బాలో ఏముందో, పాలవాడు ఎప్పుడొస్తాడో, నాకు టీలో చక్కెర ఎంతో అమ్మ దగ్గర నేర్చుకున్నావు. నెల రోజులు నా టీ రోజుకో రకంగా ఉండేది. ఒకరోజు ఉప్పు కూడా పడింది. తాగేశాను. నీకు చెప్పలేదు. ఆ నేర్చుకోవడం లాంటిదే విండోస్. అది లేకపోతే ఎంత పెద్ద మిషనైనా కొత్తకోడలిలా గుడ్లప్పగించి చూస్తుంది.

మదర్ అంటే అమ్మ కాదు. అదొక పలక. ఆ సంగతి అమ్మకు మాత్రం చెప్పకు. కుర్చీలో కూర్చోనివ్వు.

అసలు కష్టం ఇంకొకటుంది. పదహారు పొయ్యిలు ఒకేసారి మండితే మిషను వేడెక్కిపోతుంది. అందుకే నీళ్ళతో చల్లబరిచే రకం రాశాను. పోయినేడు నీకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను, నీకు గుర్తుందో లేదో, నువ్వు పలవరిస్తున్నావు. అలాగే సన్నటి గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ వేడిని లాక్కుపోతాయి. ప్రాసెసరు మీద ముందు కాస్త పేస్టు పెట్టాలి, బఠానీ గింజంత, అంతకంటే వద్దు.

ఇవన్నీ నువ్వు చేయకు. ఊళ్ళో కంప్యూటర్లు బిగించే కొట్టు ఏదో ఒకటి ఉంటుంది. అతని చేతికి జాబితా ఇవ్వు. "అంతా తెలిసింది" అని అతని చేత ఒక ముక్క రాయించి పంపు. నా ప్రాణం కుదుటపడుతుంది. ఇంక మూడు వారాలు లేవు.

నీ
భర్త

తా.క. ఇది ఆరు పేజీలైంది. జీపు డ్రైవరు పావుగంట నుంచి హారను కొడుతున్నాడు. "ఏం సార్, పుస్తకం రాస్తున్నారా?" అంటున్నాడు. "వడ్రంగిని ఆపుతున్నాను" అంటే అర్థం చేసుకోడు.

*

ఆరు పేజీల మీకు,
సిగ్గుపడుతూ రాస్తున్నాను.

వడ్రంగి ఆగాడు. గోడ అలాగే ఉంది. ఒక మేకు మాత్రం కొట్టాడు, దానికి మీ పాత గొడుగు తగిలించాను.

కొట్టు కనుక్కున్నాను. మందుల దుకాణం పైన ఉంది. కొట్టాయన చేత ఒక ముక్క రాయిద్దామని మెట్లెక్కాను. లోపల అందరూ మగవాళ్ళే. గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులు ఒకసారి సర్దుకుని, దిగి వచ్చేశాను. కాబట్టి ఆ ముక్క నేనే రాస్తున్నాను: అంతా తెలిసింది.

నీళ్ళ సంగతి మీరు రాశాక ఆలస్యం చేయలేదు. ప్లంబరును పిలిపించాను. పెట్టె రాగానే పైన కుళాయి బిగిస్తానన్నాడు. నీళ్ళు లోపలికి ఎలా వెళతాయో తెలిసింది, బయటికి ఎలా వస్తాయో మీరు రాయలేదు. కింద తొట్టి పెడదామన్నాను. అత్తయ్యగారు బోర్డు తరఫున ఒప్పుకున్నారు. రోజుకు రెండు బకెట్లు చాలునా? పొద్దున మునిసిపాలిటీ నీళ్ళు అరగంటే వస్తాయి.

పేస్టు కూడా మొదలుపెట్టాం. మీరు చెప్పిన బఠానీ గింజంతే. పళ్ళు సరిగా తోమినట్టు లేదు గానీ మిషను కోసం కదా అని ఊరుకున్నాం.

ఇట్లు,
మీ భార్య

తా.క. టీలో ఉప్పు పడిన సంగతి ఇప్పుడా చెప్పడం! అది ఏ రోజు? నేను పసుపు రంగు గ్లాసులో ఇచ్చిన రోజా, అంచు విరిగిన గ్లాసులో ఇచ్చిన రోజా? వివరంగా రాయండి.

*

నీకు,

కుళాయి సంగతి చదివి చాలాసేపు రాయి మీద కూర్చున్నాను. వంటమనిషి వచ్చి "ఈసారి ఏమైంది బాబూ?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు తెలిసింది నా పని అయిపోయిందని.

ఈ ఉత్తరం నీకు శనివారం అందుతుంది. ఈపాటికి పెట్టె వచ్చి ఉంటుంది, నీళ్ళు పోసే ఉంటారు. పోనీలే. నిన్ను అనను. పొయ్యి, గట్టు, బీరువా, జ్వరం అంటూ అడ్డదిడ్డంగా చెప్పింది నేనే.

నిన్న నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. మిషను ఖాళీగా ఉన్నప్పుడు కాసేపు కుట్టుకోవచ్చా అని అడిగావు. నేను దానికి జవాబే ఇవ్వలేదు. కుట్టుకోవచ్చు. కాసేపు కాదు, రోజంతా. టైలరమ్మ దగ్గర ఉన్నలాంటిదే నా జీతంలోంచి కొనుక్కో. తడిసినదానికి ఆఫీసుకు నేను సమాధానం చెప్పుకుంటాను.

ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటానని కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. సోమవారం ఆఫీసరు మన ఇంటికి వచ్చి చూసుకుని, గురువారం జీపులో ఇక్కడికి వస్తారు. ఆయన అడగకముందే చేతికిచ్చేస్తాను. అడిగించుకోవడం కంటే అది నయం. సోమవారం ఆయనతో నువ్వేమీ మాట్లాడనక్కర్లేదు. నీకు కష్టమని తెలుసు. అమ్మ కుర్చీలో ఉంటుందిగా, చూసుకుంటుంది.

నీ
భర్త

తా.క. అంచు విరిగిన గ్లాసు రోజే. నువ్వు కొత్త గాజులు వేసుకుని ఉన్నావు. చప్పుడు చేయకుండా నడవాలని చెయ్యి గట్టిగా పట్టుకుని నడుస్తున్నావు.

*

ఏమండీ,

ఈ ఉత్తరమూ ఆఫీసరుగారూ ఒకే జీపులో వస్తున్నారు. మీరు ముందు ఉత్తరం విప్పండి. ఆయనకు నమస్కారం పెట్టడం ఆలస్యమైనా ఫర్వాలేదు. జేబులో కాగితం చించేయండి. చించాకే కింద చదవండి.

మిషను బాగుంది. నీళ్ళు పోయలేదు. కుళాయి లేదు. ప్లంబరు ఎవరో నాకు తెలియదు. వడ్రంగి రాలేదు. మేకు కొట్టింది నేనే, గొడుగు కోసం. ప్లీడరుగారి ఇల్లు ఏ పక్కనుందో అత్తయ్యగారిని అడిగి రాశాను. ఆవిడ కుర్చీ సంగతి ఒక్కటే నిజం.

మొదటి ఉత్తరం మాత్రం నిజంగానే రాశాను. మీరు కుడతారనే అనుకున్నాను. అది పోస్టు డబ్బాలో వేసిన మర్నాడు టైలరమ్మకు జాబితా చూపిస్తే, ఆవిడ కత్తెర కింద పెట్టి నవ్వి, "ఓసి పిచ్చిదానా, ఇవి కుట్టే దారాలు కావే" అని తనే మందుల దుకాణం పైకి తీసుకెళ్ళింది. కొట్టాయన జాబితా చదివి లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఇలాంటిది బిగించాలని పదేళ్ళుగా చూస్తున్నాను, కూర్చోండి" అని నాకు కుర్చీ తుడిచి వేశాడు.

తప్పు దిద్దుతూ మీకు రాయాలనే అనుకున్నాను, సిగ్గేసి వాయిదా వేశాను. ఈలోగా మీ నాలుగు పేజీలు వచ్చాయి.

ఏమండీ, కొండకు వెళ్ళిన ఈ ఏడు నెలల్లో మీరు రాసినవన్నీ ఒకచోట పేర్చినా నాలుగు పేజీలు కావు. "క్షేమం, అమ్మ మందులు, అద్దె, ఉంటాను." నేను ఎలా ఉంటానో మీకు అసలు గుర్తుందో లేదో నాకు తెలిసేది కాదు. ఆ నాలుగు పేజీల్లో వంటింట్లో నేను ఉన్నాను. మీరు నన్ను చూశారు. ఇదేమిటి, నాకు అర్థమైందంటే మళ్ళీ నాలుగు లైన్లేగా అనిపించింది. ఇంకొంచెం పెద్ద ఉత్తరాలు రాయండి అని అడగడానికి నాకు నోరు రాదు. రాతలోనూ రాలేదు. అర్థం కానట్టు రాయడం మాత్రం వచ్చింది. కేసు రాస్తే ఆరు పేజీలు వచ్చాయి. కుళాయి మాట అత్తయ్యగారిది. "దీనికి పది పేజీలు వస్తాయి, చూడు" అన్నారు. రెండు పేజీలే వచ్చాయి. మీరు అక్కడే ఉండిపోతానని రాస్తారనుకోలేదు. శనివారం నుంచి ఇద్దరం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు సోమవారం సంగతి వినండి. ఆఫీసరుగారు పది గంటలకు వచ్చారు. అత్తయ్యగారు కుర్చీ దిగలేదు కాబట్టి ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. "ఎవరమ్మా దీన్ని చేయించింది?" అన్నారు. అత్తయ్యగారు నావైపు వేలు చూపించారు. ఆయన "కోర్లు ఎన్ని?" అన్నారు. "పదహారండి." "థ్రెడ్లు?" "ముప్పై రెండండి." "పవర్ సప్లై జాబితాలో వెయ్యి వాట్లు, ఇక్కడ పన్నెండు వందలుందే?" అన్నారు. నేను తలుపు పట్టుకుని చెప్పాను: "గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే కరెంటులో సగానికి పైగా లాగుతుందండి. వేసవిలో పదహారు కోర్లూ కలిసి పనిచేస్తే వెయ్యి మీద బరువు పడుతుంది. కొట్టాయనతో మాట్లాడి మార్పించాను." అంత పెద్ద మాట నేను పరాయివాళ్ళతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన తెచ్చిన ఫోటోలు ఎక్కించారు. మీ కొండే. ఆయన టీ తాగేలోపు తెర మీద లేచి నిలబడింది, రాయి రాయీ కనిపిస్తూ. ఫ్యాన్లు ఆరూ తిరుగుతున్నాయా లేదా అని నేను చెవి పెట్టి విన్నాను, అంత మెత్తగా ఉంది. ఆఫీసరుగారు సంతకం పెట్టేశారు. మిమ్మల్ని ఆ జీపులోనే వెనక్కి పంపిస్తామన్నారు. ఆయన వెళ్ళాక అత్తయ్యగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎందుకో తెలియకుండా చాలాసేపు నవ్వాం. తర్వాత కడుపు నిండా తిన్నాం.

కోప్పడతారా? వచ్చాక కోప్పడండి. ఎదురుగా ఉండి కోప్పడితే నాకేం ఫర్వాలేదు.

ఇట్లు,
మీకు అబద్ధాలు రాసిన, ఇక రాయని
భార్య

తా.క. ఈ ఉత్తరం చదవగానే కాల్చేయండి. వంటమనిషి గారి పొయ్యిలోనే వేయండి, ఆయనకు మాత్రం చూపించకండి. కాల్చేశానని ఉత్తరం రాయకండి. వచ్చి చెప్పండి.